కెమెరా ఎటు తిరగాలి?

హిజ్రాల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ మీద డాక్యుమెంటరీ సినిమా తీస్తామని కొందరు యువకులు ఈమధ్య మన కార్యకర్తల్ని కలిశారు. ఆ సంస్థ సాయంతో నిలదొక్కుకున్న కొందరి జీవితాలు చూపిస్తారట. వాళ్ళలో మన పేటల్లో పుట్టి పెరిగిన బిడ్డలు కూడా ఉన్నారు. వాళ్ళని కెమెరా ముందు మాట్లాడటానికి ఒప్పించమనీ, సినిమా తయారయ్యాక మన వాడల్లో ఆడించమనీ అడిగారు.

ఒప్పుకోవాలా, వద్దా? కార్యకర్తల్లో రెండు మాటలు వినపడుతున్నాయి. "మన గోడు మనకే కొండంత ఉంది, ఆ గొడవ మనకెందుకు?" అనేది ఒకటి. "మంచి పనే గదా, సాయం చేసినోళ్ళ గురించి నలుగురికీ తెలిస్తే తప్పేంటి?" అనేది రెండోది. ఈ రెండు మాటలూ చాలవని మా అభిప్రాయం. మొదటిది మన బిడ్డల్ని మనమే వెలివేసే మాట. రెండోది మన బిడ్డల్ని దాతల గుమ్మం ముందు నిలబెట్టే మాట.

ముందు ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం. మగపిల్లాడని పేరు పెట్టి పెంచినా, తాను ఆడదాన్నని లోపల తెలిసి, ఆ బతుకే బతకాలని తెగించే వాళ్ళున్నారు. ఆడపిల్లని పెంచినా తాను మగవాణ్ణని తెలిసిన వాళ్ళున్నారు. వీళ్ళందర్నీ కలిపి ట్రాన్స్‌జెండర్లు అంటున్నారు. వాళ్ళలో గురువు, చేలా అనే కట్టుబాటు కింద ఒకచోట చేరి బతికే వాళ్ళు హిజ్రాలు. ఊళ్ళో వీళ్ళని పిలిచే మాటలు మనందరికీ తెలుసు. అవి ఈ పత్రికలో అచ్చు వెయ్యం. మన కులం పేరుని తిట్టు చేసి ఎట్లా మన మొహాన ఉమ్ముతారో, ఆ మాటలు కూడా అట్లాగే ఉమ్ముతారు. ఉమ్మి పడ్డ మొహానికే దాని సంగతి తెలుస్తుంది.

ఇది మన గొడవ ఎట్లా అయింది? ఆలోచించండి. పదెకరాల మాగాణి ఉన్న ఇంట్లో ఇట్లాంటి బిడ్డ పుడితే, దాచిపెట్టటానికి గదులుంటాయి, దూరంగా పంపించటానికి డబ్బుంటుంది. కూలి చేసుకునే ఇంట్లో పుడితే? ఒక్క గది పాక. బళ్ళో పంతులు ఎగతాళి, తోటి పిల్లల దెబ్బలు. అన్న చేతిలో తన్నులు. పన్నెండు, పదమూడేళ్ళకే ఆ బిడ్డ రైలెక్కుతుంది. దిగిన చోట చదువు లేదు, పని ఇచ్చేవాడు లేడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు లేడు. మిగిలింది మూడే దారులు: పెళ్ళిళ్ళ దగ్గరా పురుళ్ళ దగ్గరా దీవించి డబ్బులు తీసుకోవడం, దుకాణాల ముందు చెయ్యి చాపడం, ఒళ్ళు అమ్ముకోవడం. మలం ఎత్తే పని మనకి పుట్టుకతో రాసిపెట్టినట్టే, ఈ మూడు పనులూ వాళ్ళకి రాసిపెట్టారు. ఆ తర్వాత "మీ బుద్ధే అంత" అని వాళ్ళనే తిడతారు. ఈ పద్ధతి మనకి కొత్తదా?

తమిళనాడులో దళిత కుటుంబంలో పుట్టిన రచయిత్రి, నటి లివింగ్ స్మైల్ విద్య ట్రాన్స్‌జెండర్ల మీద ఉండే ద్వేషం కూడా బ్రాహ్మణిజంలో ఒక రకమేనని తేల్చి చెప్పింది. సరైన మాట. పుట్టుకతోనే నీ చోటు ఇది, నీ పని ఇది, దాటావో శిక్ష అని కులం చెప్తుంది. పుట్టుకతోనే నీ ఒళ్ళు ఇది, నీ బట్ట ఇది, దాటావో వెలి అని చెప్పేది కూడా ఆ నోరే. పుట్టుకని బట్టి మనిషికి గీత గియ్యడం తప్పని మనం అన్నప్పుడు, ఆ మాట మనకి ఒక్కళ్ళకే చెల్లుతుందనలేం.

ఇంక సినిమా సంగతికొద్దాం. సినిమా కంటే ముందు రిజిస్టరు ఉంది. దాని కథ వినండి.

1871లో బ్రిటిషు వాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేశారు. ఆ చట్టంలో ఒక భాగం తెగల మీద, ఇంకో భాగం హిజ్రాల మీద. పుట్టుకతో దొంగలని కొందర్నీ, పుట్టుకతో నీచులని కొందర్నీ ఒకే చట్టంలో కట్టేశారు. తెగల మీద చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. మన ఎరుకల వాళ్ళని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పలికించింది దాని కిందే. 1919లో నిజాం సర్కారు హైదరాబాదు కోసం హిజ్రాల మీద విడిగా ఒక చట్టం చేసింది. ఫసలీ 1329 నాటి చట్టం అది. పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్న వాళ్ళ పేర్లూ నివాసాలూ రిజిస్టర్లోకి ఎక్కించమంది. అనుమానపడేది ఎవరు? సర్కారే. ఆడబట్ట కట్టి, నగ పెట్టి వీధిలో కనిపిస్తే, పాట పాడితే, ఆట ఆడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చంది. రెండేళ్ళ దాకా జైలు వెయ్యొచ్చంది.

1952లో దేశమంతటా నేరస్థ జాతుల చట్టం పోయింది. హైదరాబాదు చట్టం మాత్రం పోలేదు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం మాత్రం పుస్తకంలో చెక్కు చెదరకుండా కూర్చుంది. 2018లో వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి హైకోర్టుకెక్కితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్ళు పట్టింది.

ఆ 1919వ సంవత్సరంలోనే ఇంకో సంగతి జరిగింది. బాబాసాహెబ్ అంబేద్కర్ సౌత్‌బరో కమిటీ ముందుకెళ్ళి వాంగ్మూలం ఇచ్చారు. అంటరాని వాళ్ళ తరఫున అంటరాని వాళ్ళే మాట్లాడాలి, వాళ్ళ ప్రతినిధుల్ని వాళ్ళే ఎన్నుకోవాలని వాదించారు. మరుసటి ఏడు, 1920 జనవరి 31న, 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. డబ్బులిస్తామన్నా ఆ పత్రిక ప్రకటన అచ్చువెయ్యటానికి తిలక్ 'కేసరి' ఒప్పుకోలేదు. మన కథ వాళ్ళ పేజీలో పట్టదని ఆనాడే తేలిపోయింది.

ఒకే ఏడాదిలో ఒక రిజిస్టరు, ఒక వాంగ్మూలం. రిజిస్టరు అంటే పైనున్నవాడు కిందనున్నవాణ్ణి చూసి తనకు కావలసింది రాసుకునేది. వాంగ్మూలం అంటే కిందనున్నవాడు లేచి నిలబడి తనకు జరిగింది చెప్పేది. రెండింట్లోనూ మన పేరే ఉంటుంది, మన ఊరే ఉంటుంది. మాట్లాడేది ఎవరు, రాసుకునేది ఎవరు అన్న దగ్గరే తేడా. ఏ సినిమా కెమెరా మన వాడలోకి వచ్చినా మనం అడగాల్సింది ఈ ఒక్క ప్రశ్నే: అయ్యా, నువ్వు తెచ్చింది రిజిస్టరా, వాంగ్మూలమా?

సాయం పొందినోళ్ళ మీద సినిమాలు ఎట్లా ఉంటాయో మనకి తెలుసు. మన మీద ఎన్ని తియ్యలేదు! మొదట చీకటి పాక, ముసలమ్మ కన్నీళ్ళు, వెనక ఏడుపు వేణువు. తర్వాత సంస్థ జీపు, సంస్థ బోర్డు. ఆ తర్వాత కుట్టుమిషను, నవ్వు మొహం. ఆఖరికి దాతలకి దండం. ఆ సినిమాలో పాక ఎందుకు చీకటిగా ఉందో ఉండదు. కరెంటు స్తంభం వాడ మొదట్లోనే ఎందుకు ఆగిపోయిందో ఉండదు. భూమి ఎవరి చేతిలో ఉందో ఉండదు. బీదరికం వానలాగా ఆకాశం నుంచి పడినట్టూ, సంస్థ గొడుగు పట్టినట్టూ చూపిస్తారు.

హిజ్రాల మీద అట్లాంటి సినిమా తీస్తే ఏమవుతుంది? ఇంట్లోంచి తరిమిన తండ్రి కనపడడు. బళ్ళోంచి పంపించిన హెడ్‌మాస్టరు కనపడడు. ఫిర్యాదు తీసుకోకుండా నవ్విన పోలీసు కనపడడు. ఆడవాళ్ళ వార్డా మగవాళ్ళ వార్డా అని తేల్చక రోగిని వరండాలో పడుకోబెట్టిన ఆస్పత్రి కనపడదు. కనపడేది ఒక దుఃఖం, ఒక టీ బండి, ఒక థాంక్స్. చూసినవాడు జాలిపడి, కళ్ళు తుడుచుకుని, మర్నాడు తన ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉన్నా "మీకివ్వం" అంటాడు.

సంస్థలన్నీ దొంగలని మేం అనడం లేదు. ఎయిడ్స్ రోజుల్లో మందులు ఇప్పించినవి, లాకప్పుల్లోంచి విడిపించినవి, ఇంట్లోంచి తరిమేసిన పిల్లకి రాత్రికి చాప వేసినవి ఉన్నాయి. వాళ్ళ కష్టానికి దండం. కానీ సాయం సాయమే, హక్కు హక్కే. హైదరాబాదులో 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసం, ఎక్కువగా వాళ్ళే నడిపిన ఆస్పత్రి. దేశంలో అట్లాంటిది అదే మొదటిది. దానికి డబ్బు అమెరికా ప్రభుత్వ సహాయ నిధి నుంచి వచ్చేది. 2025 మొదట్లో అమెరికాలో అధ్యక్షుడు మారి విదేశీ సాయం ఆపమని సంతకం పెట్టగానే ఇక్కడ ఆ క్లినిక్ తలుపు పడింది. ఇక్కడి రోగిని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్ళకి లేదు, ఎందుకంటే అది వాళ్ళిచ్చింది. వేరే దాత దొరికితే తలుపు తెరుచుకుంటుంది, దొరక్కపోతే మూతే. అదే పని ఉస్మానియా ఆస్పత్రిలో, జిల్లా ఆస్పత్రిలో, మండలం పీహెచ్‌సీలో జరగాలని రాసి ఉంటే, మూసినోణ్ణి కాలరు పట్టుకుని అడగొచ్చు. సాయాన్ని పొగిడే సినిమా ఈ తేడాని మూసిపెడుతుంది. అందుకే మనకి అభ్యంతరం.

హక్కు దాకా వెళ్ళాలంటే ఎంత దూరమో డాక్టర్ రూత్ జాన్ పాల్ కొయ్యల సంగతి చూస్తే తెలుస్తుంది. ఆమె షెడ్యూల్డ్ కులానికి చెందిన ట్రాన్స్ మహిళ. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్‌తో పాటు ఉస్మానియా ఆస్పత్రిలో డ్యూటీలో చేరినప్పుడు పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. మంచిదే. ఆ తర్వాత పీజీ సీటు కోసం ఆమె 2023లో హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. సీటొచ్చాక ఫీజు కట్టటానికి తోటి డాక్టర్లు చందాలు వెయ్యాల్సి వచ్చింది. సాయం సినిమా తీసేవాడు ఇందులో ఆ చందాలనే చూస్తాడు. మనం చూడాల్సింది కోర్టు మెట్లని. ఎంబీబీఎస్ చదివిన మనిషి తన వాటా సీటు కోసం కోర్టుకెందుకు పోవాలి?

ఎందుకో చెప్తాం, జాగ్రత్తగా వినండి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో తీర్పిచ్చింది. ఆడో మగో ట్రాన్స్‌జెండరో ఎవరికి వాళ్ళే చెప్పుకునే హక్కుందని, దానికి ఆపరేషన్ అడగొద్దని చెప్పింది. వీళ్ళని సామాజికంగా, విద్యాపరంగా వెనకబడ్డ వర్గంగా చూసి రిజర్వేషన్లు ఇమ్మని కూడా చెప్పింది. తీర్పు గొప్పది. కానీ అక్కడే మనకో ముడి పడింది. అందర్నీ వెనకబడ్డ తరగతి కింద వేస్తే, మాలపల్లెలోనో మాదిగవాడలోనో పుట్టిన ట్రాన్స్‌జెండరు బిడ్డ ఎస్సీ కోటా వదులుకోవాలా? ఒక గాయానికి మందు కావాలంటే ఇంకో గాయం దాచుకోవాలా? అందుకే తమిళనాడులో గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ నాయకులు సమాంతర రిజర్వేషన్ అడుగుతున్నారు. ఆడవాళ్ళకీ, వికలాంగులకీ ఇచ్చినట్టు ప్రతి కోటాలోనూ, ఎస్సీలో ఎస్సీ ట్రాన్స్‌జెండరుకి, బీసీలో బీసీ ట్రాన్స్‌జెండరుకి, వాటా ఇవ్వమంటున్నారు. 2021లో కర్ణాటక ప్రభుత్వం తన ఉద్యోగాల్లో ఇట్లా ఒక్క శాతం ఇచ్చింది. వర్గీకరణ కోసం ముప్పై ఏళ్ళు డప్పు కొట్టిన నేలకి వాటాలో వాటా అంటే ఏంటో ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇంకోటి. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ల రక్షణ చట్టం చేసింది. పేరులో రక్షణ ఉంది. ట్రాన్స్‌జెండరు మీద లైంగిక అత్యాచారం చేసినవాడికి అందులో రాసిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళు. అప్పటికే ఆడవాళ్ళ మీద అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్ళు. ఒంటికి ఒంటికి ఇంత తేడా పెట్టింది ఎవరు? మనువు ఏ వర్ణం వాణ్ణి కొడితే ఎంత శిక్షో తూకం వేసి రాశాడని మనం ఇన్నాళ్ళూ చెప్తూనే ఉన్నాం. ఆ తూకంరాయి ఇంకా ఎవరి చేతిలో ఉందో ఇక్కడ కనపడుతోంది.

డాక్యుమెంటరీ అంటే ఈ సంగతులన్నీ ఉపన్యాసంలా చదివించమని కాదు. మనిషి బతుకుని సూటిగా చూపిస్తే ఇవన్నీ వాటంతటవే బయటికొస్తాయి. అట్లా తీసినోళ్ళు ఉన్నారు. లీనా మణిమేకలై 2017లో ఒక చిన్న డాక్యుమెంటరీ తీసింది. చెన్నైలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతారు. అంతే కథ. ఆ ఇద్దరిలో ఒకరు లివింగ్ స్మైల్ విద్యే. వాళ్ళు నాటకాలాడే కళాకారులు, నోరున్నవాళ్ళు, చేతిలో పనున్నవాళ్ళు. వాళ్ళకి కావలసింది గది, జాలి కాదు. చూసేవాడి చూపు తలుపు వేసినోడి మీద పడుతుంది. ఆ ఏడాదే దివ్య భారతి పాకీ పని చేసేవాళ్ళ మీద 'కక్కూస్' తీసింది. కెమెరాని మురుగు గుంత దగ్గర ఆపకుండా మునిసిపాలిటీ దాకా, కాంట్రాక్టరు దాకా తిప్పింది గనకే ప్రదర్శనలు అడ్డుకున్నారు, ఆమె మీద కేసులు పెట్టారు. హైదరాబాదు యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక దీపా ధన్‌రాజ్ తీసిన సినిమా 2018లో వచ్చింది. అందులో మన పిల్లలు ఏడుస్తూ కూర్చోలేదు, వాదిస్తూ నిలబడ్డారు. అదీ వాంగ్మూలం.

సినిమా వల్ల ఎవరి కడుపు నిండుతుంది అన్నది కూడా అడగాలి. అమెరికాలో న్యూయార్కు నల్లవాళ్ళలో, లాటినోల్లో ట్రాన్స్ మనుషులూ, స్వలింగ ప్రేమికులూ కలిసి జరుపుకునే నృత్య పోటీల మీద 'పారిస్ ఈజ్ బర్నింగ్' అనే డాక్యుమెంటరీ 1990లో వచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. సుమారు నలభై లక్షల డాలర్లు వసూలు చేసింది. అందులో కనపడ్డవాళ్ళు తమ వాటా ఏదని లాయర్ల దగ్గరికెళ్తే, ముందే కాగితాల మీద సంతకాలు పెట్టి ఉన్నారని ఆ దావాలు సాగలేదు. ఆఖరికి 13 మందికి కలిపి 55 వేల డాలర్లు పంచారు. ఆ సినిమాలో కనిపించిన వీనస్ ఎక్స్‌ట్రావగాంజా అనే అమ్మాయి 1988లోనే, సినిమా తయారవుతుండగానే, హత్యకు గురైంది. వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న జాతి మనది. సంతకం అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇవాళ ఇంకో ప్రమాదం ఉంది. ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ ఛానెలే. మైకు మూతి దగ్గర పెట్టి "ఆపరేషన్ అయిందా? రాత్రికి ఎంత వస్తుంది?" అని అడిగి యూట్యూబులో పెట్టేవాళ్ళు మోపయ్యారు. ఒకసారి బయటికి పోయిన బొమ్మ మళ్ళీ వెనక్కి రాదు. ఇంటి ఓనరు చూస్తాడు, పని ఇచ్చినోడు చూస్తాడు, ఊళ్ళో ఉన్న చెల్లెలి అత్తగారు చూస్తారు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతూ, ఏ మిల్లులోనో ఎవరికీ తెలియకుండా పనిచేసుకునే తమ్ముడికైతే ఒక్క నిమిషం వీడియో చాలు, బతుకు కూలిపోతుంది. నిజాం రిజిస్టరు ఒక్క పోలీసు స్టేషన్లో ఉండేది. ఈ రిజిస్టరు ప్రతి జేబులో ఉంటుంది.

కాబట్టి మా మాట ఇది. డాక్యుమెంటరీ తియ్యండి. కానీ ఈ షరతుల మీద తియ్యండి. కార్యకర్తలు వీటిని ఎత్తి రాసుకుని దగ్గర పెట్టుకోవాలి. ఏ కెమెరా వచ్చినా, ఎవరి మీద తీసినా ఇవే షరతులు.

1. డబ్బు ఎవరిదో మొదటి రోజే చెప్పాలి. సాయం చేసిన సంస్థే డబ్బు పెడితే ఆ సంగతి తెర మీద పెద్దక్షరాల్లో పడాలి.

2. ఒప్పుకోలు కాగితం తెలుగులో ఉండాలి. చదువు రాని వాళ్ళకి మన మనిషి ఒకరు గట్టిగా చదివి వినిపించాలి. సంస్థ ఆఫీసులో, సంస్థ సారు పక్కన కూర్చుని ఉండగా సంతకం పెట్టించకూడదు. రేపు బియ్యం ఆగుతుందేమో అన్న భయంతో పెట్టిన సంతకం సంతకం కాదు.

3. మొహం చూపించాలా, పేరు చెప్పాలా, ఊరు చెప్పాలా అన్నది ఆ మనిషి ఇష్టం. సినిమా బయటికొచ్చే ముందు రోజు వరకూ "నాది తీసెయ్యండి" అనే హక్కు ఉండాలి.

4. చిన్నప్పటి పేరు అడగొద్దు. పాత ఫొటో అడగొద్దు. ఒంటి గురించి, ఆపరేషన్ గురించి ఆ మనిషి తనంతట తాను చెప్తే తప్ప అడగొద్దు. మన ఇంటి ఆడబిడ్డని అడగలేని ప్రశ్న ఏదైనా వాళ్ళని కూడా అడగకూడదు.

5. కులం చెప్పుకోవాలనుకుంటే చెప్పనివ్వాలి. "అది మన సబ్జెక్టు కాదు" అని ఎడిటింగులో కోసేస్తే ఒప్పుకోం.

6. రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి ఆ కూలి ఇవ్వాలి. సినిమాకి డబ్బో బహుమతో వస్తే వాటా ఎంతో ముందే రాయాలి.

7. కెమెరా సగం రోజులు అవతలి వైపు తిరగాలి. తహసీల్దారుని, ఎస్సైని, ఆస్పత్రి సూపరింటెండెంటుని, బడి హెడ్‌మాస్టరుని, ఇంటి ఓనరుని అడగాలి. సంస్థని కూడా అడగాలి: మీ కమిటీలో ట్రాన్స్‌జెండర్లు ఎంతమంది? డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

8. కెమెరా పట్టేవాళ్ళలో, ఎడిటింగు చేసేవాళ్ళలో వాళ్ళ మనుషులు ఉండాలి. పని రాకపోతే నేర్పాలి. డప్పు నేర్చుకున్న చేతికి కెమెరా ఎంత?

9. మొదటి ఆట వాళ్ళ బస్తీలో, రెండో ఆట మన వాడలో. ఢిల్లీ హాలు ఆ తర్వాత.

మిత్రులారా, అవతలి వాళ్ళకి ఇన్ని షరతులు పెట్టి, మన ఇంటి సంగతి మాట్లాడకపోతే న్యాయం కాదు. ఆ రెండో ఆట రోజున మన వాడలో ఏం జరుగుతుంది? బెంచీల మీద కూర్చుని నవ్వుతామా? రైలెక్కి పోయిన ఆ బిడ్డని తన్నిన చెయ్యి మన వాడ చెయ్యే. పాస్టరు గారు ప్రార్థనలో పేరు చెప్పి సిగ్గు పడేట్టు చేసినప్పుడు ఆమెన్ అన్నది మన గొంతే. మన సభల్లోనే చేతగాని నాయకుణ్ణి తిట్టాలంటే "చేతులకి గాజులు తొడుక్కోండి" అంటారు. గాజులంటే చేతగానితనమని చెప్పింది ఎవరు? మన ఆడవాళ్ళ గాజుల చేతులే కదా నాట్లు వేసేది, కారంచేడులో 1985లో దెబ్బలకి ఎదురు నిలబడింది! ఆ మాట మన మైకులో ఇంకెప్పుడూ వినపడకూడదు. ఆ గాజుల కోసం ఇల్లూ వాకిలీ వదులుకుని పోయిన మనుషులున్నారని గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి చూడండి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛను నెలకి 4,000 చేసినప్పుడు ఆ జాబితాలో డప్పు కళాకారులు, చెప్పులు కుట్టేవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు ఒకే వరసలో ఉన్నారు. జీవో రాసిన గుమస్తా మనల్నీ వాళ్ళనీ ఒకే కాగితం మీద కూర్చోబెట్టాడు. నూట యాభై ఏళ్ళ కింద ఎరుకల వాళ్ళ లాంటి తెగల్నీ, హిజ్రాల్నీ ఒకే చట్టంలో కూర్చోబెట్టింది కూడా సర్కారే. శిక్షకైనా, భిక్షకైనా పైవాళ్ళు మనల్ని కలిపే చూస్తారు. హక్కు అడిగేటప్పుడు మాత్రం మనం విడివిడిగా ఎందుకు నిలబడాలి?

అందుకే ఊరూరా కార్యకర్తలు చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మీ పేటలోంచి ఇట్లా వెళ్ళిపోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారేమో తల్లుల్ని అడగండి. తల్లులకి తెలుసు, ఎవరికీ చెప్పరు గానీ తెలుసు. వస్తానంటే రానివ్వండి, రేషను కార్డులో పేరు ఉంచండి, ఇంటి స్థలం జాబితాలో పేరు రాయించండి. మండలం ఆఫీసుకి పింఛను కోసం, సర్టిఫికెట్టు కోసం వాళ్ళు వెళ్ళినప్పుడు వెంట ఇద్దరు వెళ్ళండి. సమాంతర రిజర్వేషన్ మన డిమాండ్ల కాగితంలో చేర్చండి. ఏప్రిల్ 14 సభలో వేదిక మీద ఒక కుర్చీ వెయ్యండి, దండ వెయ్యటానికి కాదు, మాట్లాడటానికి.

ఆ యువకులకి మా జవాబు ఈ సంచికే. మీ మంచి మనసు మీద మాకు అనుమానం లేదు. కానీ సాయం పొందినవాళ్ళు అనే పేరు తీసేసి రండి. వాళ్ళు అప్పు ఇచ్చినవాళ్ళు. ఈ సమాజం వాళ్ళ చదువు, ఇల్లు, పని, పేరు తీసుకుని ఇంతవరకూ తిరిగివ్వలేదు. బాకీ పడ్డవాళ్ళ మొహాలు చూపించే సినిమా తీస్తానంటే, మా వాడలో తెర మేమే కడతాం, కరెంటు మేమే లాగుతాం, డప్పు కొట్టి జనాన్ని మేమే పిలుస్తాం.

జై భీమ్!